తడి తువ్వాల పందెం

సామేలు పోయాడని వాడి భార్య రూతమ్మ ఫోన్ చేసేసరికి నేను కరీంనగర్‌లో మోకాళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉన్నాను. "అన్నా, మీ దోస్తు పోయిండు. పొద్దున చాయ్ తాగిండు, జర ఆయాసమొస్తున్నదన్నడు, గోడకు ఒరిగిండు. గంతే" అన్నది. ఆ గొంతులో ఏడుపు లేదు, ఆమెకింకా నమ్మకం కుదిరినట్టు లేదు. డాక్టరును చూడకుండానే బస్టాండుకు వచ్చాను. మంచిర్యాలలో ఒక బస్సు తప్పిపోయింది. తరువాత ఎక్కిన బస్సు దారిలో టైరు పోయి చెట్టు కింద నిలబడింది. ఊరి నుంచి గోదావరి దాకా ఒక్క ఊపున ఉరికిన కాళ్లు నావి, ఆ చెట్టు కింద ఏమీ చేయలేక నిలబడ్డాయి. ఎండకు ఇక ఆపలేమని వాళ్లు చూసి చూసి మట్టి చేశారట. నేను వెళ్లేసరికి సమాధుల తోటలో పచ్చి మట్టి కుప్ప, దాని మీద వాడిపోతున్న బంతిపూలు, రెండు కర్రలు కట్టి చేసిన సిలువ మాత్రమే ఉన్నాయి. ఆఖరి చూపు కూడా దక్కలేదు.

ఆ పూట వాళ్లింట్లోనే ఉండిపోయాను. తెల్లారి రూతమ్మ ఇనుప పెట్టె తెరిచి, పాత చీరల అడుగు నుంచి ఒక తువ్వాల తీసి నా ఒడిలో పెట్టింది. "దీన్ని ఒక్కనాడు ఒళ్లు తుడుచుకోలే, పారెయ్యనియ్యలే. నాకైతే పాత గుడ్డ. దీని సంగతి మీకే ఎరుక" అన్నది. విప్పి చూస్తే దాని వెనక నా చేతి గీతలు కనిపిస్తున్నాయి, అంత పలచన. అంచు ఒకప్పుడు ఎరుపు. దాన్ని చూడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టగానే, ఫోన్ వచ్చినప్పటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

మా ఊరు చెన్నూరు పక్కన, గోదావరి వైపు ఉంటుంది. ఊళ్లో మిషన్ వాళ్ల చిన్న చర్చి ఒకటి, దాని వెనక మందులిచ్చే రెండు గదుల దవాఖానా ఉండేవి. జొన్నలు కోతకొచ్చి ఎండలు ముదిరే వేళకు చర్చిలో కోతల పండుగ చేసేవాళ్లు. ఎవరికి పండింది వాళ్లు తెచ్చేవాళ్లు: జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, ఒకసారైతే ఒక ముసలమ్మ తన మేకనే తెచ్చి తలుపుకు కట్టేసింది. ఆ పండుగనాడు పొద్దున పరుగు పందెం. చర్చి గడప నుంచి బయలుదేరి, చేన్లకు అడ్డం పడి, ఒర్రె అనే చిన్న వాగు దాటి, ఇసుకలో గోదావరి పాయ దాకా పోయి తిరిగి రావాలి. బాట అంటూ ఏదీ లేదు, ఎవరికి తోచిన దారి వాళ్లది. ఊళ్లో ఎవరైనా ఉరకవచ్చు, చర్చికి పోయేవాళ్లే కావాలని లేదు. గెలిచినవాడు మొదటి జొన్న మోపును భుజాన పెట్టుకుని అందరికంటే ముందు చర్చి లోపలికి నడుస్తాడు. బహుమతి అంతే. కానీ ఆ మోపు మోసినవాణ్ని ఏడాదంతా ఊరు మాట్లాడుకునేది.

నది దగ్గర నిలబడి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. ఒక ఏడు ఎవడో తుమ్మ పొదల్లో పడుకుని, అందరూ తిరిగొచ్చేటప్పుడు లేచి వాళ్లలో కలిసి గెలిచాడట. అప్పటి నుంచి తువ్వాల పద్ధతి పెట్టారు. ప్రతివాడూ ఒక తువ్వాల తీసుకుపోయి గోదావరిలో ముంచి తేవాలి. చర్చి ముందు ఇత్తడి పళ్లెం పెడతారు. అందులో తువ్వాలను పిండితే చుక్క పడాలి. చుక్క పడకపోతే ఎంత ముందొచ్చినా లెక్కలోకి రాడు. ఆ పద్ధతి పెట్టింది సామేలు వాళ్ల బాపు, యాకోబు కాక. "మనిషినెందుకు అడుగుడు, తువ్వాలను అడుగుదాం" అనేవాడట. పళ్లెం దగ్గర కూర్చుని తీర్పు చెప్పేదీ ఆయనే. వయసులో ఉన్నప్పుడు ఆ పందెం గెలిచి మోపు మోసినవాడు కనుక ఆ పీట మీద కూర్చునే హక్కు ఆయనకుందని ఊరందరూ ఒప్పుకునేవాళ్లు.

కాక ఆ దవాఖానాలో కంపౌండరు. వాళ్లింట్లోకి అడుగుపెడితే టింక్చరు, ఉడుకుతున్న చింతచిగురు, ఆముదం వాసనలు కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఏ ఆస్పత్రి మెట్లెక్కినా నా ముక్కు చింతచిగురు వాసన కోసం వెతుకులాడుతుంది. సాయంత్రం మేమిద్దరం ఉరికి వచ్చాక ఆయన గిన్నెలో ఆముదం వెచ్చజేసి మా పిక్కలు తోమేవాడు. ముందు నావి, తరువాత కొడుకువి. "పటేలు బిడ్డ కాళ్లు మెత్తగుంటయి, ముందు పాడయ్యేటివి ముందు చూస్కోవాలె" అని నవ్వేవాడు. మాది భూములున్న ఇల్లు, మా బాపును ఊరంతా పటేలా అని పిలిచేది. మా బాపు గద్దె మీద చుట్ట కాలుస్తూ రేడియో వినేవాడు, మేము ఆయాసపడుతూ వాకిట్లోకి వస్తే రేడియో గొంతు తగ్గించి, "ఎవడన్న తరుముతుండార్రా?" అని ప్రతిరోజూ అదే మాట అడిగేవాడు, ప్రతిరోజూ తనే నవ్వుకునేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, జొన్న గట్క చల్లలో పిసికి ఇద్దరికీ ఇచ్చేది. నాకు కంచు గిన్నెలో, సామేలుకు చూరు కింద గూట్లో బోర్లించి ఉండే స్టీలు గ్లాసులో, పైనుంచి పోసి. వాడు ఆ గ్లాసు తనే తీసుకుని, తనే కడిగి, తనే బోర్లించేవాడు. అందులో ఏదో తప్పుందని నాకప్పుడు తట్టలేదు. వాడికి తట్టిందో లేదో నేనడగలేదు. ఆ గ్లాసు చూరు కింద నుంచి లోపలి అరలోకి ఎప్పుడు వచ్చిందో మాత్రం గుర్తులేదు. వచ్చింది, అంతవరకు నిజం.

పరుగులో మా ఇద్దరికీ మించినవాళ్లు చుట్టుపక్కల లేరు. ఇసుకలో వాడు నాకు అందేవాడు కాదు, ఇసుక వాడి పాదాలను పట్టుకునేది కాదు మరి. జొన్న కోసిన చేన్లో కొయ్యలు కాళ్లకు గుచ్చుకుంటుంటే నేను లెక్కచేయకుండా పోయేవాణ్ని, వాడు చూసి చూసి అడుగు వేసేవాడు. మామూలు రోజుల్లో ఒకనాడు వాడు, ఒకనాడు నేను. పండుగనాడు మాత్రం వాడికి కలిసివచ్చేది కాదు. ఒక ఏడు కాలిలో తుమ్మ ముల్లు విరిగింది, ఒక ఏడు ఎవరిదో కోడె తరిమి చెట్టెక్కించింది. ఆ చెట్టు మీద నుంచే నన్ను చూసి, "పో పో, మోపు మొయ్యి! నీకు గెలుచుడచ్చు గని ఉరుకుడు రాదు" అని అరిచాడు. ఉరుకుతూ నవ్వితే డొక్కలో ఎంత నొప్పి పుడుతుందో నాకు ఆ రోజు తెలిసింది. మొదటిసారి నేను గెలిచినప్పుడు, దేవుడి గుళ్లోకి చర్చికి రాని ఈ పిల్లగాడు మోపు ఎట్లా మోస్తాడని ఎవరో గొణిగారు. యాకోబు కాక, "జొన్నలు ఎవని చేన్ల పండినయో దేవునికి ఎరుకలేదా? నడువు బిడ్డా" అని నా భుజం తట్టి పంపాడు.

అట్లాంటి మనిషికి ఛాతీలో రోగం పట్టింది. ఊరందరికీ దగ్గు మందు పోసినవాడు, తన దగ్గుకు మందు లేదని అందరికంటే ముందు తనే తెలుసుకున్నాడు. వరంగల్ తీసుకుపోయి తెచ్చారు. మనిషి మంచానికి అంటుకుపోయాడు. ఆ ఏడు పండుగ దగ్గర పడుతుంటే ఒక సాయంత్రం, పిక్కలు తోమే శక్తి లేక ఆముదం గిన్నె మాకే ఇచ్చి, మేము తోముకుంటుంటే చూస్తూ పడుకున్నాడు. "సామేలూ, ఒక్కపారి నువ్వు మోపు మోసి లోపటికి పోతుంటే చూడాల్నున్నది. మళ్లా పండుగకు నేనుండ" అన్నాడు. వాడి తల్లి మార్తమ్మ చిన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి బయటికి వెళ్లిపోయింది. సామేలు తల వంచుకుని పిక్క తోముకుంటూనే ఉన్నాడు.

బయటికి రాగానే నా గల్లా పట్టుకున్నాడు. "నీ మొఖం చూస్తేనే తెలుస్తున్నది. జాలిపడి వెనుకకు ఉరుకుదామని చూస్తున్నవ్."

"లేదురా."

"బాపు ఉరికినోడు. ఎవడు నిజంగ ఉరికిండో, ఎవడు ఆగిండో ఆయనకు కాళ్లు చూస్తే తెలుస్తది. ఉత్తగ గెలిస్తే ఆయన ముఖం నేనెట్ల చూడాలె? పానం పోయేటట్టు ఉరుకుతనని నా మీద ఒట్టెయ్యి."

వేశాను. వేయకపోతే వాడు నన్ను వదిలేలా లేడు.

పండుగనాడు కాకను మంచంతో సహా మోసుకొచ్చి చర్చి ముందు పందిరి కింద దించారు. పక్కన ఇత్తడి పళ్లెం. ఆయన గడ్డం గీయించుకుని తెల్ల చొక్కా తొడుక్కున్నాడు, చొక్కాలో మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. గంట కొట్టగానే బయలుదేరాం. ఊరి చివర దాటేసరికే మిగిలినవాళ్లు వెనకబడ్డారు. జొన్న చేన్లో నేను ముందు. ఒర్రె దగ్గర కలిశాడు. ఇసుకలో దిగగానే నన్ను దాటిపోయాడు. నేను పాయ దగ్గరికి చేరేసరికి వాడు మోకాళ్ల లోతులో వంగి, నడుముకు చుట్టుకున్న తువ్వాల విప్పి ముంచుతున్నాడు. అప్పుడు చూశాను దాన్ని. ఎర్ర అంచుది, పలచనిది. నీళ్లలోంచి ఎత్తగానే నీళ్లన్నీ జల్లెడలోంచి జారినట్టు జారిపోయాయి.

"గిదేందిరా? నీ తువ్వాల ఏది?"

"గిది బాపుది. ఆయన గెలిచిన్నాటిది. దీన్నే పట్టుకొని ఉరుకుమన్నడు."

"పాగల్‌గాడా, గిండ్ల నీళ్లు నిలుస్తయా? ఎండకు దారిలనే ఆరుతది."

"ఆరక ముందే పోత."

"ఆగు, నాది సగం చింపిస్త."

"నువ్వు ఒట్టేసినవ్" అన్నాడు. అని ఉరికాడు.

మా ఇద్దరి పందెం అక్కడితో అయిపోయింది. అక్కడి నుంచి వాడికి ఎండతో పందెం. తువ్వాలను ఉండలా చుట్టి, రెండు పిడికిళ్లలో కడుపుకు అదుముకుని, చేతులు ఊపకుండా ఉరుకుతున్నాడు. చేతులు ఊపకుండా ఇసుకలో ఉరకడం ఎంత కష్టమో ఉరికినవాళ్లకే తెలుస్తుంది. నేను ఒట్టు తప్పలేదు, పళ్లు బిగించి ఉరికాను. అయినా ఆ రోజు వాణ్ని అందుకోవడం నావల్ల కాలేదు. జొన్న కొయ్యల మీద కూడా చూడకుండా పోయాడు. తరువాత ఆ చేన్లో నేను ఉరుకుతుంటే, కొయ్యల మీద వాడి నెత్తురు కనబడింది. మొదటి మనిషి కనబడితే గంట కొడతారు. నేను ఇంకా చేన్లో ఉండగానే గంట మోగింది. చేన్లోంచే సంతోషంతో కేక పెట్టాను. ఆ క్షణం నేను ఓడిపోతున్నానన్న సంగతే గుర్తులేదు. ఇంతలో గంట ఆగిపోయింది.

నేను వెళ్లేసరికి జనం మంచం చుట్టూ మూగి ఉన్నారు. సామేలు మంచం ముందు మోకాళ్ల మీద ఉన్నాడు, తువ్వాలను మెలిపెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ మెలిపెడుతున్నాడు. పళ్లెం పొడిగా ఉంది. చర్చి అయ్యగారు వంగి, "తడి అయితే ఉన్నది యాకోబన్నా, సల్లగ తాకుతున్నది. గిది చాలదా?" అన్నాడు. నలుగురూ చాలు చాలు అన్నారు. మార్తమ్మ చిన్నమ్మ కాక ముఖమే చూస్తున్నది. కాక చెయ్యి చాపి తువ్వాల తీసుకున్నాడు. ఆ పుల్లల్లాంటి చేతులతో తనే పిండాడు. రెండోసారి పిండలేక చేతులు వాలిపోయాయి.

"చుక్క పడలే" అన్నాడు. తరువాత నా వైపు చూసి, "రాజీ, నీది పిండు బిడ్డా" అన్నాడు.

"కాకా, వాడు నాకన్న శాన ముందొచ్చిండు."

"నేను చూసిన. నీది పిండు."

మా అవ్వ ఇచ్చిన మందపు తువ్వాల అది. పిండక ముందే చుక్కలు పడ్డాయి. ఇత్తడి మీద ఆ చప్పుడు నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. జొన్న మోపు తెచ్చి నా ముందు పెట్టారు. నేను దాన్ని ఎత్తి సామేలు భుజానికి అందించబోయాను. వాడు రెండు అడుగులు వెనక్కి వేశాడు. "నీది నువ్వు మొయ్యి" అన్నాడు. కోపంగా కాదు, అదే నాకు మరీ కష్టమైంది. మోసుకుని లోపలికి నడిచాను. అంత బరువైన మోపు నేను మళ్లీ ఎత్తలేదు.

పండుగ అయ్యాక మంచం మోయడానికి మేమిద్దరం చెరో కోడు పట్టాం. కాక తువ్వాలను ఛాతీ మీద పరుచుకుని ఉన్నాడు. దారిలో దించమన్నాడు. కొడుకు తలను దగ్గరికి లాక్కుని, "నేనే ఓడగొట్టిన కొడుకా. గది నా మనసుల ఇంక మందంగనే ఉన్నది. గింత పల్చగైందని నాకు తెల్వకపాయె" అన్నాడు. ఆ మాటకు సామేలు మొదటిసారి ఏడ్చాడు. ఏడుస్తూనే, "ముందైతే నేనే వచ్చిన గద బాపు" అన్నాడు. "వచ్చినవ్ బిడ్డా. నీ అంత ఉరికినోన్ని నేను చూడలే" అన్నాడు కాక. వానలు మొదలవక ముందే ఆయన పోయాడు. మోపు మోసిన కొడుకును చూడకుండానే పోయాడు.

తరువాతి పండుగకు సామేలు ఉరకలేదు. వాడు లేకుండా నేనూ ఉరకలేదు. నేను చదువుకని కరీంనగర్ వచ్చి, అక్కడే కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాను. వాడు మలేరియా డిపార్టుమెంటులో చేరి జైనూరు కొండల్లో గూడెం గూడెం తిరిగాడు. బస్సు లేని చోటికి నడిచాడు, నెత్తురు నమూనాలు మోశాడు, అక్కడి భాష నేర్చుకున్నాడు. ఆ తరువాత పందెమే ఆగిపోయింది. వయసు పిల్లగాళ్లు చేన్లకు అడ్డం పడి ఉరికితే నక్సలైట్లేమోనని పోలీసులు ఆపి పేర్లు అడిగే రోజులు వచ్చాయి. దవాఖానా మూతపడింది. ఉరికేవాళ్లు బొగ్గు బావుల దిక్కు కొందరు, బొంబాయి దిక్కు కొందరు వెళ్లిపోయారు. ఎప్పుడు కలిసినా సామేలు చాయ్ చేతికి రాకముందే మొదలుపెట్టేవాడు.

"చెప్పు, ముందెవడొచ్చిండు?"

"నువ్వే."

"గెలిచిందెవడు?"

"నేనే."

"గట్లనే యాదుంచుకో" అని నవ్వేవాడు. ఎన్ని ఏండ్లయినా ఈ నాలుగు మాటల్లో ఒక్కటి మారలేదు. వాడి పెళ్లినాడు అడిగాడు, నా కూతురి పెళ్లినాడు అడిగాడు, మా అవ్వ పోయినప్పుడు నన్ను పట్టుకుని కూర్చుని, నాకు ఏడుపు ఆగకపోతే అప్పుడూ అదే అడిగాడు. ఆ నవ్వు కింద ఏముందో నాకు తెలుసు. రూతమ్మ పెట్టెలో దాచిన గుడ్డ చూశాక ఇంకా బాగా తెలిసింది.

ఆ తువ్వాల పట్టుకుని గోదావరి వైపు బయలుదేరాను. ఎందుకంటే చెప్పలేను. జొన్న చేన్లు లేవు, అంతా పత్తి, మిరప. ఒర్రె మీద సిమెంటు వంతెన వేశారు. మేము ఉరికిన ఇసుక లేనే లేదు, దిగువన కట్టిన ఆనకట్టకు నీళ్లు వెనక్కి తన్ని ఒర్రె అవతలి దాకా వచ్చి నిలబడ్డాయి. నది మాకు ఎంత దూరంలో ఉండేదో అందులో సగం దూరం కూడా లేదిప్పుడు. అంత దగ్గరికి నదే నడిచి వచ్చినా, వెళ్లేసరికి నేను రెండుచోట్ల కూర్చోవలసి వచ్చింది. వంగడం కష్టమై గట్టు మీద కూలబడి తువ్వాల ముంచాను. నీళ్లు అట్లాగే జారిపోయాయి. ఉండలా చుట్టి పిడికిళ్లలో అదుముకుని వెనుదిరిగాను.

దారిలో ఆటో అబ్బాయి ఆపి, "ఎక్కు పెద్దబాపు, ఎండ మండుతున్నది" అన్నాడు. వద్దన్నాను. పందెంలో ఆటో ఎక్కుతారా? వాడు నన్నొక పిచ్చివాణ్ని చూసినట్టు చూసి పోయాడు. నిజానికి ఎక్కవలసింది, మోకాళ్లు సలుపుతున్నాయి. చేతులు కదపకుండా నడుస్తుంటే, ఆ రోజు సామేలు కడుపులో ఎంత ఆత్రం ఉండి ఉంటుందో ఇన్నేళ్ల తరువాత నా కడుపులోకి వచ్చింది. తడి ఆరిపోతున్నదని వేళ్లకు తెలుస్తూనే ఉంటుంది. అయినా ఆశ ఉంటుంది. ఇంకొంచెం త్వరగా నడిస్తే ఒక్క చుక్క మిగులుతుందని ఉంటుంది.

సమాధుల తోటలో రూతమ్మ వాడిన పూలు ఏరేస్తున్నది. పక్కనే యాకోబు కాక, మార్తమ్మ చిన్నమ్మల సమాధులు. నన్ను చూసి ఆమె పక్కకు జరిగింది. మట్టి కుప్ప మీద తువ్వాలను మెలిపెట్టి పిండాను. మళ్లీ పిండాను.

"చుక్క పడలేదన్నా" అన్నది రూతమ్మ మెల్లగా.

"పడలేదమ్మా" అన్నాను. ఆమె చేతిలో తువ్వాల పెట్టి, ఆ పచ్చి మట్టి పక్కన కూర్చున్నాను. ఎప్పుడూ వాడే అడిగేవాడు. ఈసారి అడిగేవాడు లేడు కనుక అడగకుండానే చెప్పాను.

"ముందు నువ్వే వచ్చినవ్ సామేలూ. గెలిచింది గూడ నువ్వే."